గటుక, గంజి

షేడు కార్డు మీద వాటికి దొరసాని పేర్లున్నయి.
నోరు తిరగక ఓదెలు
ఒకదానికి గటుక అని, ఇంకొకదానికి గంజి అని
పేరు పెట్టుకున్నడు.
కిటికీకి ఇవతల జానెడు, అవతల జానెడు
రెండు ముక్కలు పూసి
లుంగీకి చేతులు తుడుసుకుంట అన్నడు:
"మూడు పూటలు సూడు మేడం.
ఒక్క పూటల ఒప్పుకున్న రంగు
ఒక్క సూపుల ఒప్పుకున్న సంబంధం అసొంటిది."

నవ్వొచ్చింది నాకు.
పసుపుకు పసుపుకు నడుమ తేడా
నాకు చెప్తడా ఈయన?
పదమూడేండ్ల సంది పెద్ద దవాఖాన బ్లడ్ బ్యాంకుల
నెత్తురు తేరినంక పైన నిలిచేదాన్ని
వెలుగుకు పట్టి సూసే కొలువు నాది.
దావతు తినొచ్చినోనిది పాలు కలిసినట్టు మసక.
పస్తున్నోనిది ఎండుగడ్డి.
కామెర్లోనిది చెప్పక్కర్లేదు,
సంచి చేతికి రాకముందే తెలుస్తది.

తెల్లారి డ్యూటీ దిగి
నయీంనగర్ల ఆటో దిగి
మూడంతస్తులెక్కి చెప్పులిడవకుండ సూసిన.
రెండూ ఒక్క తల్లి పిల్లలే.
ఉత్తగనే తిప్పలు పెడ్తున్నడనుకుని పండుకున్న.

రెండింటికి లేచేసరికి
ఎదురు డాబా మీద మిరపకాయలు ఆరబోసిండ్రు,
ఏనుమాముల నుంచి తెచ్చిన నాలుగు బస్తాలు.
ఆ ఎరుపు ఎగిరొచ్చి కిటికీల పడ్డది.
గటుకకు కొంచెం కారం అంటింది.
గంజి మాత్రం ఏమెరుగనట్టు
పైసలడిగితే ఫోను సూసుకునే మరిది లెక్క
అట్లనే ఉన్నది.
నిజం చెప్తున్న, నాకు అదే నచ్చింది.
దేన్నీ అంటించుకోని రంగు.
రాత్రంత ఎవరెవరి ఏడుపులో ఇని వచ్చేదానికి
అసొంటి గోడే కావాలె అనిపించింది.

పొద్దుగూకినంక ట్యూబులైటు ఏస్తే
అప్పుడు దొరికింది దొంగ.
గంజి అడుగున ఆకుపచ్చ దాక్కుని ఉన్నది,
కడగని కుండల నాచంత.
ఎక్కడ సూసిన్నో యాదికొచ్చేదాక నిలబడ్డ.
మా కారిడారు.
నిలబడి నిలబడి భుజాలు రాసుకుని
నడుమెత్తు దాక నల్లబడ్డ గోడ,
"ఓ నెగిటివ్ దొరికిందా మేడం" అని
ఎప్పుడూ ఎవరో ఒకరు అడిగే గోడ.

ట్యూషన్ నుంచి లాస్య వచ్చింది.
సంచి దించకుండనే గోడ కాడికి పోయి
అంగీ చేయి మడిచి
మొదలు గంజికి ఆనిచ్చింది, తర్వాత గటుకకు.
"దేని ముందట నేను నల్లగ కొడ్త?"
లెక్కల సారును డౌటు అడిగినట్టు అడిగింది.
ఏడుపు లేదు గొంతుల. అదే నన్ను పట్టుకున్నది.
ఎవలన్నరో, ఎన్నిసార్లన్నరో.

రంగును రంగు పక్కన పెట్టి సూసిన్నే గని
మనిషిని పెట్టి సూడలే నేను.
గంజి మీద ఆ చేయి పొయ్యికాడి మసిబట్ట.
గటుక మీద అదే చేయి
గటుకల ఏసుకున్న బెల్లం ముక్క,
అంచులు అప్పుడే కరుగుతున్నట్టు.
"నల్లగ కొట్టేది నువ్వు కాదే, గోడ" అన్న.
నమ్మలే. ఇంకొక్కసారి ఆనిచ్చి సూసుకున్నది.

గటుకనే అని చెప్తే
ఓదెలు తల గోక్కున్నడు.
"లీటరుకు నలభై ఎక్కువైతది.
గంజి అయితే మాపు కనబడదు మేడం."
కనబడనీ అన్న.
నేను వంటింట్ల ఉన్ననని అనుకుని
సున్నపు చుక్కలు పడ్డ తన మోచేయి కూడ
గటుక మీద ఆనిచ్చి
తల పక్కకు వంచి సూసుకున్నడు, చాలసేపు.

మొదటి కోటు పడ్డది.
గంజి ముక్క ఇంక లోపట్నుంచి తొంగి సూస్తనే ఉన్నది.
రెండో కోటుకు పోతది అంటడు ఓదెలు.
పోకపోతే బీరువ అడ్డం పెట్టుకుంట.
ఏడు కావస్తున్నది.
టిఫిన్ డబ్బ సర్దుకోవాలె,
ఇప్పుడు నేను మళ్ల ఆ గోడ కాడికే పోవాలె.